గుట్ట పరిరక్షణ కమిటీ జమా ఖర్చుల వివరణ (2025 ఏప్రిల్ 1 నుంచి డిసెంబరు 31 వరకు)

కర్నూలు జిల్లా పత్తికొండ రెవెన్యూ డివిజన్‌లోని మన గ్రామ గుట్టపై గ్రానైట్ క్వారీకి లీజు ఇవ్వాలన్న ప్రతిపాదనను ఎదిరించేందుకు గ్రామస్థులు, ఇతర ఊళ్లలో స్థిరపడిన మనవారు, గుట్ట మీద అభిమానం ఉన్న చుట్టుపక్కల గ్రామాల వారు కమిటీకి ఇచ్చిన సొమ్ము ఎంత, అది దేనికి ఎంత ఖర్చయింది, ఇంకా ఎంత నిల్వ ఉంది అన్న విషయాలను ఇచ్చినవారందరి ముందు ఉంచడం కమిటీ బాధ్యత. ఆ గుట్ట రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి; వాడకంలో ఊరందరిదీ. దానిని కాపాడే డబ్బు కూడా ఊరందరిదే కాబట్టి లెక్క కూడా ఊరందరికీ తెలియాలి.

ఈ తొమ్మిది నెలల్లో కమిటీకి జమ అయిన మొత్తం రూ. 2,20,500. ఇందులో ఇంటింటి చందా ద్వారా వచ్చింది రూ. 86,340. ఇంటికి ఇంత అని కమిటీ ఎక్కడా నిర్ణయించలేదు. వేరుశనగ అమ్మిన వారు ఒక తీరుగా, కూలి మీద బతికేవారు ఒక తీరుగా, ఎవరి శక్తి కొద్దీ వారు ఇచ్చారు. మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్లిన కుటుంబాలు తిరిగి వచ్చాక కమిటీ సభ్యులను పిలిపించుకుని మరీ రసీదు రాయించుకున్నాయి. గొర్రెల కాపరులు తమలో తాము వసూలు చేసి ఒకేసారి రూ. 18,500 అందజేశారు. వేసవిలో చేలల్లో మేత లేనప్పుడు మందలు బతికేది గుట్ట వాలులోని గడ్డి మీద, గుట్ట కింది కుంటలోని నీటి మీద కనుక, క్వారీ వస్తే మొదట దెబ్బ తినేది వారేనన్న సంగతి వారికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో పనిచేస్తున్న మన యువకులు, యువతులు ఫోన్‌పే ద్వారా పంపినది రూ. 74,200. రోజూ తెల్లవారుజామున గుట్ట చుట్టూ నడిచే మిత్రులు, వారిలో ఎక్కువ మంది విశ్రాంత ఉపాధ్యాయులు, కలిసి ఇచ్చినది రూ. 31,000. కార్తీక మాసంలో వనభోజనాలకు వచ్చినవారి కోసం ఉసిరిచెట్టు దగ్గర ఉంచిన డబ్బాలో రూ. 9,815 పడగా, ఆ డబ్బాను అక్కడ ఉన్నవారి ఎదుటే తెరిచి లెక్కించి, ఐదుగురి సంతకాలు తీసుకున్నాము. బ్యాంకు వడ్డీ రూ. 645.

బ్యాంకు స్టేట్‌మెంటు చూసేవారికి మరో రూ. 25,000 జమ అయినట్టు కనిపిస్తుంది. దాని గురించి వివరంగా చెప్పాలి. జూన్ నెలలో పేరు తెలియని ఒక ఖాతా నుంచి ఆ సొమ్ము వచ్చింది. పంపినవారిని వాకబు చేయగా, రసీదు అక్కరలేదని, పేరు పుస్తకంలో రాయవద్దని సమాధానం వచ్చింది. రసీదు రాయలేని డబ్బును కమిటీ ఉంచుకోకూడదని సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించి, వచ్చిన ఖాతాకే వెనక్కి పంపాము. క్వారీల మధ్య ఉండే వ్యాపార పోటీకి మన ఊరి పోరాటం పనిముట్టు కాకూడదన్నది కమిటీ అభిప్రాయం. ఆ రాకపోకలు రెండూ స్టేట్‌మెంటులో ఉన్నాయి. పైన చెప్పిన మొత్తంలోకి దానిని చేర్చలేదు.

ఇక ఖర్చుల విషయానికి వస్తే, మొత్తం ఖర్చు రూ. 1,61,390. ధర్నాలకు, ఊరేగింపులకు పెట్టవలసిన డబ్బును కాగితాలకు, కొలతలకు పెట్టారని కొందరు గ్రామస్థులు అడిగారు. వారికి సవివరమైన జవాబు ఇవ్వడం అవసరమని కమిటీ భావిస్తోంది.

క్వారీ కోరినవారి దరఖాస్తులో మన గుట్టను నిరుపయోగంగా పడి ఉన్న రాతి నేలగా వర్ణించారు. ప్రభుత్వ భూమిలో గ్రానైట్ వంటి చిన్నతరహా ఖనిజానికి దరఖాస్తు వచ్చినప్పుడు గనుల శాఖ రెవెన్యూ శాఖను నిరభ్యంతర పత్రం అడుగుతుంది. ఆ పత్రం ఇచ్చేముందు నేల మీద ఏముందో చూడాలి. చూశారో లేదో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తులు పెట్టాము. ఈ దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. ఇంత చవకైన ఆయుధం సామాన్యుడికి మరొకటి లేదు. దరఖాస్తులు, ఒక చోట జవాబు రానందున వేసిన మొదటి అప్పీలు, అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల వారీగా భూమి రకం రాసి ఉండే పాత రెవెన్యూ రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలాల హద్దుల కొలతల పుస్తకం) నకళ్లు, రిజిస్టర్డ్ పోస్టు ఖర్చులు అన్నీ కలిపి రూ. 4,385 మాత్రమే అయ్యాయి. ఈ స్వల్ప మొత్తంతో దొరికిన కాగితాలే తక్కిన పనికంతటికీ పునాది అయ్యాయి. ఆర్‌ఎస్‌ఆర్‌లో ఆ సర్వే నంబరు ఎదుట 'కొండ' అని స్పష్టంగా ఉంది. క్వారీ దరఖాస్తుతో జతచేసిన నక్షాలో మాత్రం గుట్టకు పడమటి వైపున్న రాతి చరియ లీజు హద్దుకు అవతల ఉన్నట్టు గీశారు.

ఆ రాతి చరియ ఏమిటో మన ఊరి పిల్లలకు కూడా తెలుసు. వాన తగలని ఆ బండ లోపలి ముఖం మీద ఎర్రమట్టి రంగుతో వేసిన ఎద్దుల బొమ్మలు ఉన్నాయి. ఒక ఎద్దు మూపురం, వెనక్కి వంగిన పొడవైన కొమ్ములు ఒకే గీతలో సాగి, తోక దగ్గర బండ పెచ్చు లేచిన చోట ఆగిపోతాయి. ఆ చరియ ముందున్న చదును బండ మీద రాతి గొడ్డళ్లు నూరి నూరి నున్నబడిన గాళ్లు వరుసగా ఉన్నాయి. అరచేయి అందులో సరిగ్గా ఇముడుతుంది. పశువులను పెంచుతూ ఈ గుట్టల చెంత నివసించిన కొత్త రాతియుగపు మనుషులు ఇటువంటి గుర్తులను రాయలసీమలో చాలా చోట్ల వదిలి వెళ్లారు.

నక్షాలోని ఈ తేడాను నోటి మాటగా చెబితే ఎవరూ నమ్మరు. అందుకే లైసెన్సు ఉన్న సర్వేయరును పిలిపించి, ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా కొలిచే డీజీపీఎస్ పరికరంతో హద్దు రాళ్లను, రాతి చరియను, కుంట కట్టను, వంకను కొలిపించాము. ఇందుకు రూ. 18,000 అయింది. ఆ కొలతల ప్రకారం బొమ్మలున్న చరియ ప్రతిపాదిత లీజు హద్దుకు లోపలే ఉందని తేలింది. ఈ ఖర్చు ఎందుకని అడిగినవారు ఆ సర్వే నక్షాను ఒకసారి చూడాలని కోరుతున్నాము. దరఖాస్తుదారు నక్షా పక్కన దానిని పెట్టి చూస్తే వేరే వాదన అవసరం లేదు.

బొమ్మలను, నూరుడు గాళ్లను కొలబద్ద పెట్టి ఫొటోలు తీయించి, ఆల్బంగా అచ్చు వేయించి, రాష్ట్ర పురావస్తు శాఖకు, జిల్లా అధికారులకు అందజేయడానికి, పరిశీలనకు వచ్చిన పరిశోధకుల ప్రయాణానికి, భోజనాలకు రూ. 14,275 ఖర్చయింది. ఆ పరిశోధకులు పారితోషికం తీసుకోలేదు. గుట్టను రక్షిత స్థలంగా ప్రకటించాలని 1960 నాటి రాష్ట్ర ప్రాచీన కట్టడాల చట్టం కింద వినతిపత్రం ఇచ్చాము. ఈ ప్రకటన ఎంత ముఖ్యమో మన జిల్లాలోనే చూడవచ్చు. ఎర్రగుడి వద్ద అశోకుని శాసనాలున్న బండలు కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్నాయి. 2010లో సవరించిన చట్టం ప్రకారం అటువంటి స్థలాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రక్షణ లేని చోట ఏమవుతుందో నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం చెబుతుంది. నేటి ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 సంవత్సరాల క్రితం పేలినప్పుడు ఎగసివచ్చిన బూడిద ఆ ఊరున్న జుర్రేరు లోయలో మందపాటి పొరగా పరుచుకుంది. ఆ బూడిద కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరకడంతో ఆ స్థలం ప్రపంచ శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. అయితే ఆ బూడిదను వ్యాపారానికి తవ్వి తరలించడంతో పొరలు చాలా చోట్ల మళ్లీ చూడటానికి వీలులేకుండా పోయాయి. మన గుట్ట విషయంలో ఆ స్థితి రాకూడదు.

న్యాయవాది ఫీజు, రిట్ పిటిషను తయారీ, టైపు, అనువాదం, కోర్టు ఖర్చులు కలిపి రూ. 67,460. ఖర్చులన్నిటిలో ఇదే పెద్దది. నిరభ్యంతర పత్రం ఇచ్చిన విధానాన్ని ప్రశ్నిస్తూ సెప్టెంబరులో హైకోర్టులో పిటిషను వేశాము. అది విచారణలో ఉంది కనుక దానిలోని వాదనల లోతుకు ఇక్కడ వెళ్లడం లేదు. అందరికీ తెలిసిన రెండు తీర్పులను మాత్రం ప్రస్తావిస్తాము. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి, వాటిని గ్రామ ప్రజల ఉమ్మడి వాడకానికి తిరిగి అప్పగించే పథకాలు సిద్ధం చేయాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఐదు హెక్టార్ల లోపు చిన్న క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో చెప్పింది. విస్తీర్ణం తక్కువ కాబట్టి అనుమతుల గొడవ ఉండదని ఊళ్లో జరిగిన ప్రచారానికి ఆధారం లేదు.

అమరావతికి, కర్నూలుకు రాకపోకల ఖర్చు రూ. 23,940. సోమవారాల్లో కలెక్టరేట్‌లోని ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లినవారికి బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం తప్ప దినభత్యం ఇవ్వలేదు. గ్రామసభకు, ఇతర సమావేశాలకు షామియానా, మైకు, టీ ఖర్చులు రూ. 12,650. కరపత్రాలు, ఫ్లెక్సీలు రూ. 11,480. ఈ మూడింటికీ ఓచర్లు ఉన్నాయి.

గుట్ట శుభ్రతకు రూ. 9,200 ఖర్చు చేశాము. తాగి పారేసిన సీసాలను ఏరించడం, ఆంజనేయస్వామి గుడి మెట్ల పక్కన పొదలు కొట్టించడం, రాతి చరియ దగ్గర బండలను తాకవద్దని, పేర్లు రాయవద్దని బోర్డులు పెట్టించడం ఇందులో ఉన్నాయి. పోరాటానికి ఇచ్చిన డబ్బు చీపుర్లకు ఎందుకని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు. మెజారిటీ సభ్యులు ఈ ఖర్చును సమర్థించారు. పోలీసు కానిస్టేబుల్ ఎంపికల్లోని 1600 మీటర్ల పరుగుకు మన పిల్లలు సాధన చేసేది గుట్ట చుట్టూ ఉన్న బాట మీదనే. ముసలివారు సాయంత్రం కూర్చునేది ఆ మెట్ల మీద. ఊరు వాడుకుంటున్న స్థలం అని అధికారుల ముందు వాదించేటప్పుడు, అది ఊరు చూసుకుంటున్న స్థలంగా కూడా కనబడాలి.

క్వారీ వస్తే పనులు దొరుకుతాయన్న మాట కూడా సమావేశాల్లో వచ్చింది. ఆ మాట అన్నవారిని కమిటీ శత్రువులుగా చూడదు. బేతంచెర్ల నాపరాళ్ల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయని మనకు తెలుసు. రాతి పనిని కమిటీ ఎన్నడూ తప్పు పట్టలేదు. కుంటకు నీరు దింపే గుట్టను, బొమ్మలున్న బండను, ఊరి జనం కాలు మోపే బాటను పేల్చి చేసే పనికి మాత్రమే అభ్యంతరం. కప్పట్రాళ్ల అడవిలో యురేనియం అన్వేషణకు బోర్లు వేయాలన్న ప్రతిపాదనను 2024లో అక్కడి గ్రామాల వారు కలిసికట్టుగా వ్యతిరేకించగా ప్రభుత్వం దానిని నిలిపివేసింది. గ్రామాల మాట చెల్లుబాటు కావడం మన జిల్లాలోనే జరిగింది.

ఖర్చులు పోను నిల్వ రూ. 59,110. ఇందులో రూ. 56,840 బ్యాంకు ఖాతాలో, రూ. 2,270 కోశాధికారి వద్ద నగదుగా ఉంది. ఖాతా నుంచి డబ్బు తీయడానికి అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరి సంతకాలూ తప్పనిసరి. ఈ నిల్వను హైకోర్టు వాయిదాలకు, పురావస్తు శాఖ పరిశీలనకు వచ్చినప్పుడు అయ్యే ఖర్చులకు మాత్రమే వాడాలని కమిటీ తీర్మానించింది. ప్రస్తుతానికి కొత్త చందా అడగడం లేదు. కేసు ముగిసిన తర్వాత మిగిలే సొమ్మును ఏం చేయాలన్నది గ్రామసభ నిర్ణయిస్తుంది.

రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, ఓచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, సర్వే నక్షా గ్రామ గ్రంథాలయంలో ఉంచాము. చందా ఇచ్చినవారే కాకుండా గ్రామస్థులు ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. రసీదు అందనివారు, తమ పేరు ఎదుట మొత్తం తప్పుగా ఉందని భావించేవారు జనవరి నెలాఖరులోగా కోశాధికారికి రాతపూర్వకంగా తెలియజేస్తే, తదుపరి సమావేశంలో అందరి ఎదుట సరిచూసి, సవరించిన లెక్కను నోటీసు బోర్డుపై అంటిస్తాము.

అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి
గుట్ట పరిరక్షణ కమిటీ