దారం లేని కుట్టు: మీ ఎయిర్‌సాఫ్ట్ బూట్లపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: ‘కుట్టు సోలు’ అని చెప్పి అమ్మిన 8 అంగుళాల ఎత్తున్న బూట్ల సోలు మూడో ఆటలోనే ఊడిపోవడం, డబ్బు వాపసుకు మీరు నిరాకరించడం గురించి.

అయ్యా,

ఇది మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడూ మీ వెబ్‌సైటులో ఫిర్యాదుల కోసం పెట్టిన చిన్న గడిలో రాశాను. ఆ గడిలో 500 అక్షరాలకు మించి పట్టవు. ప్రతిసారీ సగం మాట మింగి పంపాను, మీరు ఆ సగానికే జవాబిచ్చారు. ఈసారి మొత్తం చెబుతున్నాను. రసీదు నకలు, ఆరు ఫోటోలు, మీ సిబ్బంది ఇచ్చిన మూడు జవాబులు దీనితో జతచేశాను.

నేను ఎయిర్‌సాఫ్ట్ ఆడడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. ఆ ఆట కోసమే బూట్లు అమ్ముతున్న మీకు ఆట గురించి చెప్పవలసిన పని లేదనుకున్నాను. కానీ ఫోనులో మాట్లాడిన మీ ఉద్యోగి ‘తుపాకీ శిక్షణకు వెళ్తుంటారా సార్?’ అని అడిగారు. శిక్షణ కాదండీ. 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళికలతో రెండు జట్లు ఆడుకునే ఆట. గుళిక తగిలినవాడు తనంతట తానే చెయ్యెత్తి, తగిలిందని చెప్పి పక్కకు తప్పుకోవాలి. బట్టల మీద రంగు పడదు, మచ్చ ఉండదు, ఒప్పుకుంటేనే ఆట. ఒప్పుకోనివాడితో ఎవరూ రెండోసారి ఆడరు. ఈ సంగతి చివర్లో మళ్లీ వస్తుంది, కొంచెం గుర్తుంచుకోండి.

కొత్తగా ఆడేవాడు ముందు కంటి రక్షణ కొనుక్కుంటాడు. అక్కడ బేరం పనికిరాదు. గుళిక తగిలినా పగలని కళ్లజోడు, ముఖానికి మాస్కు, తర్వాత తుపాకీ, బ్యాటరీ. బూట్ల వంతు వచ్చేసరికి జేబు తేలికైపోతుంది. మొదట్లో నేను పాత పరుగు బూట్లతోనే నెట్టుకొచ్చాను. తడి ఆకుల మీద ఒకసారి, వాలు దిగుతూ ఒకసారి చీలమండ మెలిక పడింది. రెండో మెలికకు పది రోజులు కుంటుతూ నడిచాను. అప్పుడు మొదలైంది, చీలమండను పట్టి ఉంచే బూట్ల వేట.

నా కోరికలు చిన్నవి. ధర అందుబాటులో ఉండాలి, రోజంతా వేసుకున్నా కాలికి హాయిగా ఉండాలి. ఉక్కు ముక్కు ఉన్నవి వద్దనుకున్నాను. పైనుంచి ఇనుప సామాన్లు పడే చోట అవి వేళ్లను కాపాడతాయి గాని, మా ఆటలో ఆ బరువు మోసుకుని పరుగెత్తడం దండగ. కాలికి కట్టుకున్న బరువును ప్రతి అడుగుకూ ఎత్తి దించాలి కదా. పక్కన జిప్పు ఉన్నవీ వద్దనుకున్నాను. వేసుకోవడం తేలికే గాని, పళ్లలో ఇసుక చేరితే సరిగ్గా అవసరమైనప్పుడే మొరాయిస్తుంది. ఇక మిగిలింది సోలు. చవక బూట్లలో చాలావాటికి సోలు జిగురుతో అతికిస్తారని నాకు తెలుసు. అందులో తప్పేమీ లేదు. పరుగు బూట్లు దాదాపు అన్నీ అలాగే తయారవుతాయి, అతుకు బాగా పడితే అరిగిపోయేదాకా ఊడవు. అయినా మీ పేజీలో ‘సోలు చుట్టూ కుట్టు, అరిగితే మార్చుకోవచ్చు’ అన్న మాట దగ్గర నా కళ్లు ఆగాయి. ఆ పక్కనే, అంతకంటే తక్కువ ధరకు, మీరే అమ్ముతున్న అతికింపు సోలు బూట్లు ఉన్నాయి. కుట్టు ఉందన్న ఒక్క కారణంతో ఎక్కువ పెట్టి వీటిని కొన్నాను. నా ఫిర్యాదంతా ఆ కుట్టు చుట్టూనే.

దానికంటే ముందు కొలత సంగతి. సాయంత్రం పూట, ఆటకు వేసుకునే మందపాటి మేజోళ్లతోనే, మడమను గోడకు ఆనించి కాగితం మీద పాదం కొలుచుకున్నాను. పొద్దుటికంటే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. 26.5 సెంటీమీటర్లు వచ్చింది. మీ పట్టికలో ‘పాదం పొడవు 26.5’ ఎదురుగా 42 అని ఉంది. 42 తెప్పించాను. కాలు పెట్టి నిలబడితే బొటనవేలు ముందు తోలుకు తగిలింది. వాలు దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది కాబట్టి అక్కడ సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి, లేకపోతే గోరు నల్లబడుతుంది. అనుమానం వచ్చి ఇన్‌సోలు (బూటు లోపల పాదం కింద పరిచే మెత్త) బయటికి లాగి కొలిచాను. సరిగ్గా 26.5! మీరు పాదం పొడవని రాసింది ఇన్‌సోలు పొడవు. స్కేలు పక్కన పెట్టి తీసిన ఆరో ఫోటో అదే. పట్టికను నమ్మినవారందరికీ బూటు బిగుతే అవుతుంది. యూరప్ కొలతల్లో ఒక్కో నంబరుకూ తేడా 6.7 మిల్లీమీటర్లు, అంటే 43లో కూడా ఖాళీ చాలదు. 44కు మార్పించుకున్నాను. ‘కొనుగోలుదారు తప్పు సైజు ఎంచుకున్నారు’ అంటూ రవాణా ఖర్చు నా నెత్తిన వేశారు.

బూట్లు చేతికి రాగానే కొనేవాడు చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. ముక్కు పట్టి వంచితే వేళ్ల దగ్గరే మడత పడింది, నడుమ వంగలేదు, అలాగే ఉండాలి. రెండు చేతులతో మెలిపెడితే గట్టిగానే నిలిచింది. వారం రోజులు సాయంత్రాలు ఇంట్లోనే వేసుకు తిరిగి మెత్తపరిచాను. మడమ లేవకుండా పై కొక్కేల దగ్గర లేసును మెలేసి బిగించడం నేర్చుకున్నాను. న్యాయం చెప్పాలి: మొదటి రెండు ఆటల్లో ఒక్క పొక్కు కూడా లేవలేదు, చీలమండకు పట్టు బాగా దొరికింది. మీ బూటు అచ్చును చెక్కిన మనిషికి పాదం గురించి తెలుసు. సోలు దగ్గరికి వచ్చేసరికి పని ఎవరి చేతిలో పడిందో మరి.

మూడో ఆట. రాత్రంతా వాన కురిసి నేల మెత్తబడింది. ఒక చెట్టు వెనక కుడి మోకాలు నేలకు ఆనించి కూర్చున్నాను. మా ఆటలో ఇలా పదేపదే కూర్చోవాలి, లేవాలి. అలా కూర్చున్నప్పుడు వెనక కాలి బూటు వేళ్ల మొదట్లో పూర్తిగా మడత పడుతుంది, ఒత్తిడంతా ఆ మడత మీదే. లేచి పరుగెత్తబోయాను. ఒక్కో అడుగుకు రెండేసి చప్పుళ్లు. వంగి చూస్తే సోలు ముక్కు నుంచి నడిమిదాకా మొసలి నోరులా తెరుచుకుని ఉంది, లోపల ఆకులు, బురద. ఆ చప్పుడుకే అవతలి జట్టు కుర్రవాడు నన్ను పసిగట్టాడు. గుళిక భుజానికి తగిలింది, చెయ్యెత్తాను. లేసు విప్పి సోలును బూటుకు చుట్టి కట్టుకుని కాలీడ్చుకుంటూ బయటికి వచ్చాను. మొదటి రెండు ఫోటోలు అక్కడ తీసినవే.

మర్నాడు చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లి, ‘కుట్టు తెగింది, మళ్లీ కుట్టిపెట్టండి’ అన్నాను. ఆయన బూటు తిరగేసి, సోలు అంచు వెంబడి బొటనవేలితో ఒక చుట్టు తడిమి, నా వైపు చూసి నవ్వారు. తోలు కుట్టే ఆరె తీసి ఒక కుట్టు కింద దూర్చి పైకి లేపారు. దారం రాలేదు, రబ్బరు లేచింది. ‘ఇది కుట్టు కాదు బాబూ, కుట్టు బొమ్మ’ అన్నారు. అచ్చులో రబ్బరు పోసేటప్పుడే దారంలా గీతలు తేల్చి, వాటి మీద పసుపు రంగు పూశారు. గోటితో గీకితే పొడిగా రాలింది. మూడో ఫోటోను పెద్దది చేసి చూడండి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో మీ సోలులో కుట్టు అంత. మా జట్టులో ఇంకొకరి దగ్గరా ఇవే బూట్లు ఉన్నాయి. ఆయనవీ గీకి చూశాం. అదే పసుపు పొడి.

పెద్దాయన అంతటితో వదలలేదు. ఊడిన రెండు ముఖాలనూ వెలుతురుకు పెట్టి చూపించారు (ఐదో ఫోటో). జిగురంతా సోలు వైపే పొరలా నిలిచిపోయింది. తోలు వైపు కొత్త పలకలా నున్నగా మెరుస్తోంది. జిగురు పట్టాలంటే ముందు తోలు పైపొరను గీకి గరుకు చేయాలి, దుమ్ము దులపాలి, రెండు వైపులా జిగురు రాసి కాస్త ఆరనిచ్చి అప్పుడు నొక్కాలి. ఇక్కడ గీకిన జాడే లేదు. బాగా పట్టిన అతుకును బలవంతంగా చింపితే తోలు పీచు కూడా లేచి వస్తుందంటూ, మూలన పడి ఉన్న పాత చెప్పు ఒకటి తీసి చింపి మరీ చూపించారు. దాని జిగురుకు పీచు బూజులా అంటుకుని ఉంది. మీ బూటు జిగురుకు ఒక్క పోగు లేదు. ఎడమ బూటు ఇంకా ఊడలేదు గాని, ముక్కు దగ్గర కాగితం దూర్చితే నాలుగు మిల్లీమీటర్లు లోపలికి పోతోంది.

ఇప్పుడు మీ జవాబులు. మొదటిది: ‘కఠినంగా వాడినందువల్ల కుట్టు తెగింది.’ లేని కుట్టు ఎలా తెగింది? రెండోది: ‘ఈ బూట్లు మామూలు నడకకు ఉద్దేశించినవి, ఆటల్లో వాడితే హామీ వర్తించదు.’ దయచేసి మీ పేజీ మీరే తెరిచి చూడండి. మాస్కు పెట్టుకుని, ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ పట్టుకుని, బురదలో మోకాలి మీద కూర్చున్న మనిషి బొమ్మ ఉంది. ఆయన నడవడం లేదు. సరిగ్గా నా సోలు ఊడిన భంగిమలోనే కూర్చున్నాడు! బూట్ల పేరులోనూ ‘ఎయిర్‌సాఫ్ట్’ అనే ఉంది. నాలుగో ఫోటో ఆ పేజీదే. మార్చేస్తారేమోనని తేదీతో సహా తీసి ఉంచుకున్నాను. మూడోది: ‘బూట్లను నీటితో కడిగినందువల్ల జిగురు వదిలింది.’ కడగలేదు. రెండో ఆట తర్వాత తడి గుడ్డతో తుడిచాను, అంతే. వాటర్‌ప్రూఫ్ అని ముద్ర వేసి అమ్మిన బూటు నీళ్లు తగిలితే విడిపోతుందని కంపెనీయే రాతపూర్వకంగా ఒప్పుకోవడం మాత్రం కొత్తగా ఉంది. మూడు ఉత్తరాలకు మూడు కారణాలు. మారనిది ఒక్కటే, ప్రతి జవాబు అడుగున ‘మా సేవ నచ్చిందా? ఐదు నక్షత్రాలు ఇవ్వండి’ అన్న వాక్యం.

ఫోనులో మాట్లాడిన ఉద్యోగి మర్యాదస్తుడు, ఆయన మీద నాకు కోపం లేదు. సూపర్ గ్లూ రాసి చూడమన్నారు. ఆ జిగురు ఆరితే గాజులా పెళుసెక్కుతుంది; అడుగడుగునా మడత పడే చోట ఎన్నాళ్లు నిలుస్తుంది?

వాటర్‌ప్రూఫ్ గురించి ఎక్కువ రాయను. బూటు నాలుకను పక్క తోలుతో కలిపే మడతను సగం ఎత్తుదాకానే కుట్టారు (ఇది నిజం కుట్టే), ఆ పైన ఖాళీ. నీళ్లు అక్కడిదాకా వస్తే దారి తెరిచే ఉంది. జత బరువు 1.1 కిలోలని రాశారు, నా తూకంలో 1.46 వచ్చింది. అన్నిటికంటే చిన్న సైజును తూచి ఉంటారు. ఆ ముక్క పక్కన రాస్తే సరిపోయేది.

నాకు కావలసింది ఇది. చెల్లించిన ధర మొత్తం, సైజు మార్పిడికి తీసుకున్న రవాణా ఖర్చు వెనక్కి ఇవ్వండి. మారు జత వద్దు. అదే చోట, అదే తీరుగా అతికించిన మరో జతతో నాలుగో ఆటకు దిగలేను. పేజీలో ‘కుట్టు’ అన్న మాట తీసేసి ‘అతికింపు’ అని రాయండి. తోలు గీకి సరిగ్గా అతికించి, ధర తగ్గించి అమ్మితే ఇది మంచి బూటే, కొనమని నేనే నలుగురికీ చెబుతాను. పట్టికలో ‘పాదం పొడవు’ను ‘ఇన్‌సోలు పొడవు’గా మార్చండి, ఒక్క పదంతో ఎందరి గోళ్లో బతుకుతాయి. ఇవే బూట్లు ఇప్పటికే కొన్నవారికి సోలు సంగతి కబురు పెట్టండి. నాకు మెత్తటి నేల మీద ఊడింది కాబట్టి సరిపోయింది. వాలు దిగుతూ పరుగెత్తేవాడికి ఊడితే చీలమండతో పోతుందో లేదో చెప్పలేం.

గుళిక తగిలినవాడు చెయ్యెత్తాలని మొదట్లో రాశాను. మీకు తగిలింది. ఫోటోల్లో కనబడుతూనే ఉంది.

15 రోజుల్లో జవాబు కోసం చూస్తాను. దాని కింద నక్షత్రాల బదులు ఎవరైనా ఒక మనిషి సంతకం ఉంటే సంతోషిస్తాను. బూట్లు మీ పెట్టెలోనే భద్రంగా ఉన్నాయి, మూడో ఆట బురద కూడా అలాగే ఉంది. పరీక్షించాలంటే మీ ఖర్చుతో తెప్పించుకోండి. పెద్దాయన ఆరెతో లేపిన చోట, మీకు వెతుక్కునే పని లేకుండా, సుద్దతో గీత పెట్టాను.

ఇట్లు,
మీ బూట్లు కొన్న ఒక ఎయిర్‌సాఫ్ట్ ఆటగాడు