కార్డినాలే సినిమా వేస్తున్నారా? ఏ ప్రింటో చెప్పండి

సంపాదకుడు గారికి,

ఇటాలియన్ సినీ నటి క్లౌడియా కార్డినాలే 2025 సెప్టెంబరు 23న, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె చిత్రాలు ప్రదర్శించే ఫిల్మ్ సొసైటీలకూ, వాటిని పరిచయం చేసే పత్రికలకూ ఒక విన్నపం. ప్రకటనలో సినిమా పేరు పక్కనే నిడివి, సౌండ్‌ట్రాక్ భాష కూడా వేయండి.

ఆమె పుట్టింది ట్యునీషియాలో, సిసిలీ మూలాలున్న కుటుంబంలో. ఇంట్లో సిసిలియన్, బడిలో ఫ్రెంచ్. 1957లో అక్కడి అందాల పోటీలో గెలిచి వెనిస్ చిత్రోత్సవానికి వెళ్లేనాటికి ఇటాలియన్ సరిగా రాదు. పైగా బొంగురు గొంతు. అప్పటి ఇటాలియన్ సినిమాల్లో షూటింగ్ అయ్యాక స్టూడియోలో మాటలు చేర్చడం మామూలే కాబట్టి, తొలి చిత్రాల్లో ఆమెకు వేరేవాళ్లు గొంతిచ్చారు. ఇటాలియన్ తెర మీద ఆమె సొంత గొంతు మొదట వినిపించింది 1963లో, దర్శకుడు ఫెల్లినీ తీసిన ‘ఎనిమిదిన్నర’లో. అదే ఏడాది వచ్చిన దర్శకుడు విస్కోంటీ ‘ది లెపర్డ్’లో ఆమె వేసిన ఏంజెలికా పాత్ర గొంతు మాత్రం ఆమెది కాదు. 1968 నాటి సెర్జియో లియోనే వెస్టర్న్ ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ ఇంగ్లిష్ ప్రింట్‌లోనూ కాదు. ఇది తెలియక ఆమె సంభాషణలు పలికిన తీరును పొగిడితే, ఆ మెప్పు దక్కాల్సిన మరో కళాకారిణికి అన్యాయం చేసినట్టే.

‘ది లెపర్డ్’తో ఇంకో చిక్కుంది. ఇటలీలో విడుదలైన ప్రింట్ సుమారు 185 నిమిషాలు. అమెరికాలో వేసిన ఇంగ్లిష్ ప్రింట్ 161 నిమిషాలే, దాని రంగులూ పాలిపోయాయి. అది తన సినిమా కాదన్నారు విస్కోంటీ. అందులో కథానాయకుడైన అమెరికన్ నటుడు బర్ట్ లాంకాస్టర్ అసలు గొంతు వినాలనుకునే వారికి తప్ప ఆ ప్రింట్ ఎవరికీ సిఫారసు చేయలేం.

తెలుగు సబ్‌టైటిల్స్ తయారుచేసేవారు ముందు నిడివి సరిచూసుకోవాలి. ఒక ప్రింట్‌కు రాసినవి రెండో దానికి అతకవు. సెకనుకు 24 ఫ్రేముల కాపీకి చేసిన ఫైలును కాస్త వేగంగా నడిచే 25 ఫ్రేముల కాపీకి తగిలిస్తే సబ్‌టైటిల్స్ క్రమంగా వెనకబడి, 185 నిమిషాల సినిమా చివరికొచ్చేసరికి తేడా 7 నిమిషాలు దాటుతుంది. సిసిలీ నగరం పాలెర్మోలో ఒక ప్రభువంశం వారి భవనంలో తీసిన ఆ సుదీర్ఘమైన నాట్య సన్నివేశం వచ్చేది చివర్లోనే! ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగు లాంటి లిపులనూ భద్రపరచే కంప్యూటర్ ఎన్‌కోడింగ్) భద్రపరచకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలో, పిచ్చి గుర్తులో కనిపించవచ్చు. కొన్ని ప్లేయర్లు ఒత్తులను విడగొట్టేస్తాయి. అందుకే ప్రదర్శనకు ముందురోజు అదే ప్రొజెక్టర్, అదే కంప్యూటర్ మీద మొదటి, చివరి పది నిమిషాలూ వేసి చూసుకోవాలి.

ఉత్తమ డబ్బింగ్ కళాకారిణికి ప్రభుత్వం నంది పురస్కారం ఇచ్చిన పరిశ్రమ మనది. గొంతిచ్చిన వారి పేరు తెలిసినచోట, ప్రదర్శన కరపత్రంలో నటి పేరు కిందే దాన్నీ అచ్చువేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ