మంత్రిగారూ, మా దొంగనీళ్లను లెక్కలో రాయించండి

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రిగారికి,

పత్తికొండ ప్రాంతం నుంచి ఒక రైతు నమస్కరించి రాసుకుంటున్నది.

శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు తెచ్చే హంద్రీ–నీవా కాలువ మా చేనికి కూతవేటు దూరంలో పోతుంది. నీళ్లొచ్చినప్పుడు గట్టు మీద నుంచి మోటారు దించి, పైపులు పరిచి టమోటాకు కట్టుకుంటాం. పిల్లకాలువ తవ్వలేదు, ఇంకో దారి లేదు. ఎవరైనా అధికారి వస్తున్నాడంటే మోటారు ఎత్తేస్తాం, జీపు పోగానే మళ్లీ దించుతాం. పక్క చేని పెద్దాయన వీటికి ‘దొంగనీళ్లు’ అని పేరు పెట్టాడు. "మన నీళ్లు మనమే దొంగిలిచ్చుకుంటాండాం" అని నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు.

రాష్ట్రాల మధ్య కృష్ణా నీళ్ల తగవు తేల్చమని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌ను 2004లో వేశారు. 2010లో తీర్పు, 2013లో తుది నివేదిక వచ్చాయి. గెజిట్‌లో ప్రచురించకుండా 2011లోనే సుప్రీంకోర్టు ఆపింది. 2023 అక్టోబరులో కేంద్రం రెండు తెలుగు రాష్ట్రాల వాటాలు తేల్చమంటూ మళ్లీ పని అప్పజెప్పింది. ట్రిబ్యునల్ వేసిన ఏడాది పుట్టిన మా అన్న కొడుక్కి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. మధ్యలో 2021లో శ్రీశైలం నీళ్లతో తెలంగాణ చేసే కరెంటు ఉత్పత్తి మీద మనం సుప్రీంకోర్టుకు పోతే, నాటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్నని, మధ్యవర్తిత్వంతో తేల్చుకోండని చెప్పి ఆ విచారణ నుంచి తప్పుకున్నారు.

ఢిల్లీ వాదనలు మీ లాయర్లు చూసుకుంటారు. నా బాధ వాళ్ల చేతికి ఏ కాగితం అందుతుందన్నదే.

అంతకు ముందు కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చినప్పుడు, 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న పథకాలకు పెద్దపీట వేసింది. బ్రిటిష్ కాలం నాటి మా కేసీ (కర్నూలు–కడప) కెనాల్‌కు 39.9 టీఎంసీలు దక్కింది అందుకే. నీళ్లు పారుతున్నాయి, పంట కనబడుతోంది, అంతే. హంద్రీ–నీవాకు ఆ భాగ్యం లేదు. దాని 40 టీఎంసీలు మిగులు జలాల మీద, అంటే అందరి వాటాలూ పోగా మిగిలే నీళ్ల మీద, పెట్టుకున్న ఆశ. మిగులు వాడుకోండి గానీ హక్కు అనుకోవద్దని బచావత్ తీర్పే చెప్పింది. 2014 విభజన చట్టం 11వ షెడ్యూలులో కాలువ పేరు చేరింది, సంతోషం. పేరుంటే నీళ్లున్నట్టు కాదు కదా.

వాడుకున్నంత మాత్రాన హక్కు పుట్టదని అవతలి రాష్ట్రం లాయరు అంటాడు. అననివ్వండి. అయినా కాగితం మీది 6,02,500 ఎకరాల ఆయకట్టును చూపడం ఒక ఎత్తు, ఫలానా ఊళ్లో, ఫలానా సర్వే నంబర్లలో ఇన్నేళ్లుగా ఈ కాలువతోనే బతుకుతున్నారని చూపడం ఇంకో ఎత్తు. రెండోది మా దగ్గర ఉంది. ప్రభుత్వ రికార్డులోనే లేదు.

పోయిన ఖరీఫ్‌లో ఈ-పంట నమోదుకు, అంటే ఏ చేనిలో ఏ పంట, ఏ నీళ్లు అని ప్రభుత్వ రికార్డుకెక్కించడానికి, వచ్చిన అబ్బాయి నా చేనికి నీటి వనరు ‘బోరు’ అని కొట్టుకున్నాడు. ఆ బోరు ఎండిపోయి నాలుగేళ్లు. కాలువ అని రాయి నాయనా అంటే, "పిల్లకాలువ లేదు గదా పెద్దాయనా, కాలువ అంటే రేపు నీకే ఇబ్బంది" అన్నాడు. పాపం, నా మంచికే చెప్పాడు. కానీ ట్రిబ్యునల్ లెక్కలో నేను కృష్ణమ్మ నీళ్లు ఒక్క చుక్క కూడా ముట్టనివాణ్ని అయిపోయాను. గట్టు పొడుగునా ఇట్లాంటి బోర్లు ఎన్నో చూడండి!

ఎండాకాలంలో కాలువ ఒట్టిపోయిన రెండు మూడు నెలల్లో పిల్లకాలువలు తవ్వించండి. ఏ రాష్ట్రం వద్దంటుంది, ఏ కోర్టు ఆపుతుంది దాన్ని? అవి అయ్యేదాకా మోటార్లకు ఒక చీటీ రాసివ్వండి, రుసుము పెట్టినా కడతాం. ట్రిబ్యునల్‌లో మన జిల్లా గురించి దాఖలు చేసిన కాగితాలు తెలుగులో మా ఊరి సచివాలయానికి పంపండి. తప్పుంటే మేమే చెప్తాం, ఎవరి చేను ఎక్కడుందో మాకు తెలుసు.

ఈ ఖరీఫ్‌కు ఆ అబ్బాయి మళ్లీ వస్తాడు. నా చేని దగ్గర ‘కాలువ’ అని కొట్టుకోమని వాడికి ఒక మాట చెప్పించండి.

ఇట్లు,
హంద్రీ–నీవా గట్టు రైతు, పత్తికొండ, కర్నూలు జిల్లా