ప్యాంటు విప్పనన్న కెప్టెన్

ఒరేయ్ సూర్యం,

ఉత్తరం అందింది. చూడు చూడు అని నేను పోరగా పోరగా ఆ పాత బీబీసీ హాస్య సీరియల్ 'డాడ్స్ ఆర్మీ' మొత్తానికి మొదలుపెట్టావన్నమాట, సంతోషం. అందులో ఆ పొట్టి బ్యాంకు మేనేజరు, కెప్టెన్ మానరింగ్, "నటిస్తున్నాడా, లేక మనిషే అంతా?" అని అడిగావు. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కాఫీ పెట్టుకుని కూర్చో.

ఆ వేషం కట్టినాయన పేరు ఆర్థర్ లో (Arthur Lowe). 1915లో డార్బీషైర్‌లోని హేఫీల్డ్‌లో పుట్టాడు, పెరిగింది మాంచెస్టర్‌లో. తండ్రి రైల్వే ఉద్యోగి. కుర్రాడికేమో ఓడెక్కాలని కోరిక, కానీ కంటిచూపు సరిపోదన్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు సైన్యంలో చేరి, యుద్ధంలో మధ్యప్రాచ్యం వెళ్ళి, అక్కడ సిపాయిల కాలక్షేపానికి వేసే నాటకాల్లో మొదటిసారి వేషం కట్టాడు. తిరిగొచ్చి 1945లో మాంచెస్టర్‌లోనే హ్యూమ్ హిప్పోడ్రోమ్‌లో ఒక నాటక కంపెనీలో కుదిరాడు. అప్పటికి ముప్ఫయ్యేళ్ళు. రాత్రి ఈ వారం నాటకం ఆడాలి, పగలు వచ్చే వారం నాటకం బట్టీ పట్టాలి. సురభి వాళ్ళ డేరా చుట్టూ తిరిగి పెరిగినవాడివి, ఆ బతుకు నీకు నేను చెప్పక్కర్లేదు.

పొట్టి, గుండ్రటి మొహం, బట్టతల. హీరో వేషం ఎవడిస్తాడు? సినిమాల్లో గుమాస్తా, విలేఖరి, దుకాణదారు, అంతే. 1949లో 'కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్' చివర్లో జైలు గేటు దగ్గర ఒక విలేఖరి కనిపిస్తాడే, ఆయనే. ఇలా పదిహేనేళ్ళు. 1960లో 'కొరొనేషన్ స్ట్రీట్' టీవీ సీరియల్ మొదలైనప్పుడు బట్టల షాపు మేనేజరు స్విండ్లీ వేషం దొరికింది. చాదస్తం, పెద్దరికం కలిసిన మనిషి. పెళ్ళిపీటల దాకా వచ్చిన పెళ్ళికూతురు కూడా వద్దంటుంది పాపం. జనం ఊరూరా గుర్తుపట్టారు.

ఇక అసలు సంగతి. 1968లో మొదలైన ఈ 'డాడ్స్ ఆర్మీ', జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్ రాసుకున్న హోం గార్డ్ కథ. 1940లో హిట్లర్ సైన్యం రేపో మాపో దిగుతుందని భయపడి, సైన్యంలో చేరే వయసు దాటినవాళ్ళనీ, ఇంకా రానివాళ్ళనీ పోగేసి పెట్టిన దళం అది. పెర్రీ తానే కుర్రతనంలో అందులో పనిచేశాడు, అందుకే ఆ కర్రలూ ఈటెలూ అంత నిజంగా ఉంటాయి. కెప్టెన్ వేషానికి ముందు వేరేవాళ్ళని అడిగారు, వాళ్ళు కాదన్నారు. పెర్రీ ఆర్థర్ పేరు చెబితే బీబీసీ పెద్దలు "ఆయన మన దగ్గర చేసేవాడు కాదే" అని పెదవి విరిచారట. సరే, భోజనానికి పిలిచారు. ఈయనొచ్చి కూర్చుని, "ఇది ఆ పిచ్చి హాస్య సీరియళ్ళ లాంటిది కాదు కదా? 'హ్యూ అండ్ ఐ' అంటే నాకు పరమ అసహ్యం" అన్నాడు. ఎదురుగా కూర్చున్న క్రాఫ్టే దాని నిర్మాత! అయినా వేషం ఇచ్చారు. నన్నడిగితే, ఆ మాట విన్నాకే ఇవ్వాలని గట్టిగా అనిపించి ఉంటుంది.

ఎందుకంటే మనిషి నిజంగానే అంత. స్క్రిప్టు ఇంటికి తీసుకెళ్ళేవాడు కాదు, అలాంటి సరుకు ఇంట్లో ఉండకూడదట! డైలాగులు తడబడుతుంటే క్రాఫ్ట్ ఇంకో కాపీ పంపి, ఇది తలగడ కింద పెట్టుకో, రాత్రికి తలలోకి ఎక్కుతుందేమో అన్నాడని చెబుతారు. ఇంకోటి విను. తెర మీద తన ప్యాంటు ఊడకూడదని కాంట్రాక్టులోనే రాయించుకున్నాడు. 1973లో 'ద డెడ్లీ అటాచ్‌మెంట్' ఎపిసోడ్‌లో బాంబు కెప్టెన్ ప్యాంటులో పెట్టేట్టు రాస్తే ససేమిరా అన్నాడు. చివరికి దాన్ని దళంలోని ముసలి జోన్స్ ప్యాంటులోకి మార్చారు. ఇదంతా చూస్తూ పెర్రీ, క్రాఫ్ట్ ఏం చేశారు? ఆ పెద్దరికాన్నంతా మెల్లగా మానరింగ్ నోట్లో పెట్టారు.

అలాగని నటన లేదనుకోకు. ఆ ఎపిసోడ్‌లోనే పట్టుబడ్డ జర్మన్ కెప్టెన్, తనని వెక్కిరించినవాళ్ళ పేర్లు రాసుకుంటూ దళంలోని కుర్రాడు పైక్‌ని "నీ పేరేంటి?" అంటాడు. మానరింగ్ కంగారుగా "చెప్పకు పైక్!" అంటాడు. ఆ ముక్క ఎవరైనా అనగలరు. కానీ ఆయన దాన్ని పూర్తి అధికారంతో, కుర్రాణ్ణి కాపాడుతున్న తండ్రిలా అంటాడు. జోకు వేస్తున్నట్టు కనుబొమ్మ కూడా కదలదు. ఇంకా ఒప్పుకోకపోతే 1975 నాటి 'మై బ్రదర్ అండ్ ఐ' చూడు. మానరింగ్‌కి తాగుబోతు సోదరుడొకడుంటాడు, ఆ వేషమూ ఈయనదే. అదే మొహం, అదే ఒళ్ళు, కానీ నడక, గొంతు, కళ్ళు అన్నీ వేరు.

నాకు మానరింగ్ అంటే ఇష్టం నవ్వు వల్ల కాదు. ఆయన కింద పనిచేసే సార్జెంట్ విల్సన్ పెద్దింటి బిడ్డ, పేరున్న బడిలో చదివాడు, ఏ ప్రయాసా లేకుండా అందరికీ నచ్చుతాడు. కిందినుంచి ఒక్కో మెట్టూ ఎక్కొచ్చిన మానరింగ్‌కి అది కడుపులో మంట. విల్సన్‌కి 'ఆనరబుల్' అనే పెద్దింటి బిరుదు వచ్చిన ఎపిసోడ్‌లో, మానరింగ్ ఏళ్ళ తరబడి కాచుకున్న గోల్ఫ్ క్లబ్బు విల్సన్‌ని చటుక్కున పిలుస్తుంది. అప్పుడు ఆర్థర్ మొహం చూడు. కోపం, అవమానం, కొంచెం ఏడుపు. అలాంటి మనిషే, శత్రువు నిజంగా దిగాడనుకున్న రోజున అందరికంటే ముందు నిలబడతాడు. ఎగతాళి చేయడానికే రాసిన పాత్ర అయితే అక్కడ మనకి గొంతు పట్టుకోదు. ఇంకో తమాషా: యుద్ధంలో ఆర్థర్ సార్జెంట్ మేజర్, విల్సన్ వేసిన జాన్ లె మెజరర్ నిజమైన కెప్టెన్, అదీ అప్పటి మన దేశంలోనే, వాయవ్య సరిహద్దులో పనిచేశాడు. ముసలి గాడ్‌ఫ్రే వేసిన ఆర్నల్డ్ రిడ్లీ అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర గాయపడ్డవాడు. మరి వృద్ధుడు జోన్స్ వేసిన క్లైవ్ డన్‌కి 1968లో నిండా యాభై లేవు!

1977 వరకు నడిచింది, మొత్తం 80 ఎపిసోడ్లు. ఆ మధ్యలోనే 'ఓ లక్కీ మ్యాన్!' సినిమాలో మూడు వేషాలు కట్టి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా అందుకున్నాడు. అందులో ఒకటి మొహానికి నల్లరంగు పూసుకుని వేసిన ఆఫ్రికా పాలకుడి వేషం, ఇవాళ చూడబుద్ధి కాదు, నిజమే చెప్పాలి. పిల్లల 'మిస్టర్ మెన్' బొమ్మల కథలకి ఆయన గొంతు మాత్రం ఎంత హాయిగా ఉంటుందో! తర్వాత చర్చి ఫాదర్‌గా, రిటైరైన మేనేజరుగా ఇంకొన్ని సీరియళ్ళు చేశాడు. బాగానే ఉంటాయి, కానీ అక్కడ ఎదురు నిలిచే విల్సన్ లేడు.

ఆఖరి ఏళ్ళలో భార్య జోన్ కూపర్‌కి వేషం ఉన్న నాటకాలకే మొగ్గేవాడు. ఇద్దరూ ఊరూరా తిరిగారు. 1982 ఏప్రిల్ 14న మధ్యాహ్నం టీవీలో ఇంటర్వ్యూ ఇచ్చి, సాయంత్రం బర్మింగ్‌హామ్ అలెగ్జాండ్రా థియేటర్‌కి వెళ్ళాడు. నాటకం మొదలుకాకముందే మేకప్ గదిలో పక్షవాతం వచ్చి పడిపోయాడు. తెల్లవారేలోగా పోయాడు, 66 ఏళ్ళకి. అంత్యక్రియలకి జోన్ రాలేకపోయింది. బెల్‌ఫాస్ట్‌లో అదే నాటకం ఆడుతోంది. ఈ సంగతి చెబితే మా ఆవిడ "అదేం మనిషి" అంది. నువ్వయితే అలా అనవు, వేషం కట్టేవాడివి కదా.

లె మెజరర్ గురించి వేరే రాస్తాను, ఆయనదో పెద్ద భారతం. మీ పరిషత్తు నాటకం తేదీ ఖాయమైతే వెంటనే చెప్పు, రైలు టికెట్లు దొరకడం లేదు. అత్తయ్యగారికి నమస్కారాలు. కన్ను ఆపరేషన్ అయ్యాక ఎలా ఉంది ఆవిడకి?

నీ
మూర్తి