నీళ్లు అడుగంటి ఊరు విడిచినవాళ్లనూ లెక్కపెట్టండి

సంపాదకుడు గారికి,

వాతావరణ మార్పు వల్ల వలసలు అని వార్త వచ్చినప్పుడల్లా పక్కన దాదాపు ఒకే ఫొటో ఉంటుంది: మునిగిన ఇళ్లు, పడవల్లో జనం. ఆ బాధ చిన్నదని అనను. కానీ వరదకైతే శిబిరం పెడతారు, పేర్లు రాసుకుంటారు. వానలు ముఖం చాటేసి, నేల చవుడు బారి ఊరు విడిచినవాళ్ల పేరు ఎవరూ రాసుకోరు. నా బాధంతా వాళ్ల గురించే.

2022లో విపత్తుల వల్ల సొంత దేశంలోనే ఇల్లు విడవాల్సి వచ్చిన సందర్భాలు ప్రపంచవ్యాప్తంగా 3.26 కోట్లు. సగానికి పైగా వరదలవే. కరువు వాటా చాలా తక్కువగా కనిపిస్తుంది. కరువు తక్కువమందిని కదిలిస్తుందని దీని అర్థం కాదు. దాన్ని లెక్కపెట్టడం కష్టం, అంతే.

ఎందుకంటే కరువుతో ఊరు ఒక్కరోజులో ఖాళీ కాదు. మొదటి ఏడు అప్పు చేసి రెండోసారి విత్తుతారు. మరుసటి ఏడు పశువులను అమ్ముతారు. తర్వాత ఇంట్లో ఒకరు నగరానికి వెళ్లి డబ్బు పంపుతారు. చివరికి మిగిలినవాళ్లూ తలుపుకు తాళం వేస్తారు. నగరంలో ఎవరైనా అడిగితే "పని కోసం వచ్చాం" అంటారు. అది అబద్ధం కాదు. కానీ ఉన్న పని ఎలా పోయిందో రాయడానికి ఏ ఫారంలోనూ గడి ఉండదు. ప్రయాణానికి కూడా డబ్బులేని నిరుపేదలైతే అక్కడే చిక్కుకుపోతారు. వాళ్లు వలసల లెక్కలోకే రారు.

చట్టానిదీ ఇదే తీరు. 1951 శరణార్థుల ఒప్పందం జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం కారణంగా వేధింపులకు గురయ్యేవారి కోసం రాసింది. అందులో ఉప్పుబారిన బావికి చోటు లేదు. పసిఫిక్ సముద్రంలోని కిరిబతి దీవుల నుంచి న్యూజిలాండ్ వెళ్లిన ఒకాయన, సముద్రమట్టం పెరిగి తమ దీవిలో బతకలేమని ఆశ్రయం అడిగితే అక్కడి కోర్టులు కాదన్నాయి. ఆయన్ను వెనక్కి పంపడం తప్పు కాదని 2020లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా చెప్పింది. అయితే వాతావరణ మార్పు వల్ల ప్రాణానికే ముప్పు ఉన్న చోటికి మనిషిని పంపకూడదన్న సూత్రాన్ని ఒప్పుకుంది. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

వీళ్లంతా పరాయి దేశాల మీద పడతారని భయపెట్టేవాళ్లు ఒక సంగతి గమనించాలి. 2050 నాటికి 21.6 కోట్లమంది దాకా కదలవచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో వేసిన అంచనా సొంత దేశాల్లోపల జరిగే వలస గురించే. ఇప్పుడే గట్టి చర్యలు తీసుకుంటే అందులో 80 శాతం వరకు తగ్గించవచ్చని కూడా ఆ నివేదికే చెప్పింది.

ముందే కదిలితే ఏం చేయవచ్చో ఫిజీ చూపించింది. సముద్రపు కోతకు, ఉప్పునీటికి నలిగిపోతున్న వునిడోగోలోవా అనే ఊరిని 2014లో దాదాపు రెండు కిలోమీటర్లు లోపలికి తరలించారు. ఊరంతా కలిసే వెళ్లింది, తలోదిక్కూ చెదిరిపోలేదు.

కరువునూ ఉప్పునీటినీ ప్రభుత్వాలు వరదతో సమానంగా విపత్తులుగా గుర్తించాలి. వలస వెళ్లినవాళ్లకు వెళ్లిన చోటే బడి, వైద్యం, ఓటు దక్కాలి. మీ పత్రికను కోరేది ఒక్కటే. వలస కూలీల మీద వార్త రాసేటప్పుడు మీ రిపోర్టర్లు "ఎందుకొచ్చారు?" అన్న ప్రశ్నతో ఆగిపోవద్దు. "మీ పొలంలో చివరిసారి పంట చేతికొచ్చింది ఎప్పుడు?" అని కూడా అడగమనండి.

ఇట్లు,
మీ పాఠకురాలు