తెర వేయలేదేమిటిరా అంది అమ్మ

పిట్స్‌బర్గ్,
సోమవారం రాత్రి

ఒరేయ్ చిన్నా,

సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. కోపం తెచ్చుకోకు. అమ్మ ప్రయాణం, పాప జ్వరం, ఆఫీసులో కొత్త పని, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. ఇప్పుడు అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన చింతకాయ పచ్చడి సగం సీసా అయిపోయింది, మిగతా సగం ఎవరికీ కనపడకుండా దాచాను. ఇల్లు కొనే సంగతి ఇంకా తేలలేదు, తేలాక రాస్తాను.

ఇవన్నీ పక్కన పెట్టు. మొన్న శని, ఆదివారాలు అందరం కారులో వాషింగ్టన్ వెళ్లి వచ్చాం. అక్కడ ఒక సంగతి జరిగింది. నిన్న రాత్రి ఇంటికి చేరి పడుకున్నా అదే కళ్ల ముందు తిరుగుతోంది. ఫోనులో చెప్పేవాడినే, కానీ నువ్వు రెండో మాటకే క్రికెట్‌లోకి లాగుతావు. ఇది అడ్డు తగలకుండా వినాల్సిన సంగతి. అందుకే కాగితం తీశాను.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇక్కడి నుంచి వాషింగ్టన్‌కు సుమారు 390 కిలోమీటర్లు, మనం తిరుపతి నుంచి విజయవాడ వెళ్లినంత. తెల్లవారకముందే బయలుదేరాం. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోలు రోడ్డు అలిఘెనీ కొండల మధ్య నుంచి పోతుంది. కొండ అనగానే అమ్మ ఘాట్ రోడ్డు వస్తుందనుకుని నిమ్మకాయ చేతిలో పట్టుకుని కూర్చుంది. తీరా చూస్తే కొండను తొలిచి సొరంగం వేశారు. "ఇదేమి కొండరా, గోవిందా అనుకునే లోపే అయిపోయింది" అంది. బ్రీజ్‌వుడ్ అనే చోట పెద్ద రోడ్డు కాస్తా సిగ్నళ్లు, పెట్రోలు బంకులు ఉన్న చిన్న వీధిలోకి దిగి మళ్లీ పెద్ద రోడ్డు అందుకుంటుంది. అక్కడ ఆగి పులిహోర పొట్లాలు విప్పాం. బయట చలి, కారు అద్దాల నిండా ఆవిరి, లోపల ఇంగువ వాసన. కపిలతీర్థంలో చెప్పులు పోయిన రోజు తిన్న పులిహోర గుర్తొచ్చింది. ఆ కథ ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మధ్యాహ్నానికి ఊళ్లో ఉన్నాం. కాపిటల్ భవనం చూశాం, వైట్ హౌస్‌ను కంచె బయటి నుంచి చూశాం. వాషింగ్టన్ స్తంభం 555 అడుగుల ఎత్తు. నీ ఇంజనీరు కళ్లకు పనికొచ్చే ముక్క ఒకటి రాస్తాను: కింద పావు వంతు దాటాక రాయి రంగు మారుతుంది. డబ్బు లేక 1854లో పని ఆగిపోయి, పాతికేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు వేరే గని రాయి వాడారు. ఆ గీత ఇప్పటికీ తెలుస్తూనే ఉంది. అది ముందు కనిపెట్టింది అమ్మే.

సాయంత్రం టైడల్ బేసిన్ అనే చెరువు దగ్గరికి వెళ్లాం. 1912లో టోక్యో నగరం కానుకగా పంపిన మూడు వేల చెర్రీ మొక్కలతో మొదలైన తోట అది. ఏడాదికి కొద్దిరోజులే పూస్తాయి. మేం వెళ్లేసరికి ఆకు అన్నదే కనపడకుండా పూసి ఉన్నాయి. తిరునాళ్ల జనం. అమ్మ ఒక కొమ్మ కింద నిలబడిపోయింది. "ఇన్ని పూలుంటే ఒక్కరూ కోయరా?" అని అడిగింది. కోయకూడదమ్మా, ఇక్కడ నిషేధం అన్నాను. "చూసుకోవడానికేనా?" అని కాసేపు ఆలోచించి, వంగి, కింద రాలినవి మాత్రం ఏరుకుని చేతిరుమాలులో మూట కట్టుకుంది. నేను వద్దనలేదు. అమ్మ చేతులు నీకు తెలుసు కదా. మా వసారాలో కూర్చుని మల్లెలు, కనకాంబరాలు చూడకుండానే కట్టేసే చేతులు. నాన్న పోయాక తన తలలో పెట్టుకోవడం మానేసింది గానీ అమ్మవారికి కట్టడం మానలేదు. ప్రతి శుక్రవారం ఆ బుట్టను నీ స్కూటరు ముందు పెట్టుకుని తిరుచానూరు తీసుకెళ్లింది నువ్వే. ఆ రోజుల్లో నేను ఇక్కడ ఉన్నాను. అది నేను ఎప్పటికీ... సరే, అది వేరే ఉత్తరం.

ఇక అసలు సంగతి.

ఆదివారం పొద్దున వాన. పాప విమానాల మ్యూజియం చూడాలంది, దానికి ముందే సమయం రాయించుకోవాలట, ఆ రోజుకు ఖాళీ లేదు. అదే వరసలో కాస్త దూరంలో ఫ్రీయర్ గ్యాలరీ. టికెట్టు లేదు, ఎవరైనా వెళ్లవచ్చు. డిట్రాయిట్‌లో రైలు పెట్టెలు తయారు చేసి సంపాదించిన చార్లెస్ లాంగ్ ఫ్రీయర్ అనే ఆయన ఆసియా దేశాల కళాఖండాలు కొని కొని, చివరకు అన్నీ దేశానికి ఇచ్చేశాడు. 1923లో తెరిచారు. వాన తగ్గేదాకా కూర్చుందామని లోపలికి వెళ్లాం, అంతే.

చైనా గిన్నెలు, జపాను తెరలు దాటుకుంటూ వెళుతున్నాం. ఒక గది గుమ్మంలో అమ్మ ఆగిపోయింది. చెప్పులు విడిచింది. నేను కంగారుగా చూస్తే, ఎదురుగా దిమ్మె మీద కంచు విగ్రహం. మూడున్నర అడుగులుంటుంది. చిన్నా, ఎలా చెప్పను? సన్నటి నడుము, జారిన భుజాలు, ఎత్తైన కిరీటం. ఎడమ చెయ్యి ఏనుగు తొండంలా తొడ పక్కన వేలాడుతోంది. కుడి చెయ్యి పైకెత్తి, వేళ్లు వలయంగా మడిచి ఉన్నాయి. వేళ్ల మధ్య చిన్న సందు. ఒంటి మీద మనం కట్టే పట్టు లేదు, దండ లేదు, పసుపు కుంకుమ లేవు. కంచులోనే పోతపోసిన హారాలు, దండకడియాలు, పలుచటి చీర మడతలు మాత్రమే. పైనుంచి దీపం వెలుగు.

అమ్మ దండం పెట్టి, వెంటనే తల తిప్పుకుని నన్ను అడిగింది: "తెర వేయలేదేమిటిరా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు పట్టేసినట్టయింది. ఒకసారి ఆలోచించు. నువ్వూ నేనూ పుట్టినప్పటి నుంచి ఉత్సవమూర్తుల మధ్యే పెరిగాం. మాడవీధుల్లో వాహనాల వెంట పరిగెత్తాం. గోవిందరాజస్వామి ఊరేగింపు మన బడి ముందు నుంచే పోయేది. అయినా మనం చూసిందేమిటి? పట్టు, నగలు, గడ్డం దాకా దండలు, వాటి మధ్య ముఖం. విగ్రహం భుజం ఎలా ఉంటుందో మనకు తెలుసా? తిరుమంజనం, అంటే విగ్రహానికి స్నానం చేయించే రోజున కూడా తెల్లవస్త్రం ఉంటుంది. ఆ తర్వాత అలంకారానికి తెర వేస్తారు. తెర తీశాకే మనకు దర్శనం. అమ్మ లెక్కలో ఈ తల్లి స్నానమై, చీర కట్టకముందు నిలబడి ఉంది. ఎవరో తెర వేయడం మరిచిపోయి వెళ్లారు. అందుకే చూడకూడదని తల తిప్పుకుంది. నేను మాత్రం కళ్లు తిప్పుకోలేకపోయాను. ఆ శిల్పి మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం పోసి, చివరకు ఆ మట్టిని పగలగొట్టి తీసిన రూపం అది. అచ్చు మిగలదు, అలాంటిది రెండోది రాదు. పట్టు కింద దాగిపోతుందని తెలిసీ వీపు మీద కూడా అంత శ్రద్ధ పెట్టాడు. ఈ రెండూ నాలో ఇంకా కొట్లాడుతున్నాయి: అమ్మ తల తిప్పుకోవడమూ సబబే, నేను చూడటమూ సబబే.

పక్కన పలక మీద రాసింది చదివి అమ్మకు చెప్పాను. 10వ శతాబ్దపు చోళ విగ్రహం. పార్వతీదేవి రూపంలో రాణి సెంబియన్ మహాదేవి. రాణి అని కొందరు, పార్వతీదేవే అని కొందరు అంటారు. 1929 నుంచి ఈ మ్యూజియంలోనే ఉంది. అమ్మ అప్పుడు మళ్లీ తిరిగి చూసింది. "రాణా? మన రాయలవారి పక్కన రాణులు దండం పెడుతూ కదా నిలబడ్డారు. ఈమెను అమ్మవారిగానే నిలబెట్టారా?" అంది. గుడిలో క్యూలో తప్పిపోతే రాయల దగ్గర కలుసుకోవాలని మనం పెట్టుకున్న ఒప్పందం గుర్తుందా? తిరుమలదేవి, చిన్నాదేవి ముఖాలు మనకు మన మేనత్తల ముఖాలంత తెలుసు. ఈ పోలిక నాకు తట్టలేదు, అమ్మకు తట్టింది.

ఆ రాణి గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. గండరాదిత్య చోళుడి భార్య. భర్త పోయాక నలభై ఏళ్లకు పైగా బతికింది. ఆ ఏళ్లన్నీ ఇటుక గుళ్లను రాతి గుళ్లుగా కట్టించింది, వాటికి కంచు విగ్రహాలు పోయించింది. కొడుకు ఉత్తమ చోళుడు రాజయ్యాడు. నాగపట్టణం వైపు ఇప్పటికీ ఆమె పేరుతో ఒక ఊరుంది. అమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది. "ఆయన పోయాకే ఇవన్నీ చేసిందా?" అవునన్నాను. అమ్మ చాలాసేపు ఆ హారాలను, కడియాలను చూసింది. "అయినా నగలన్నీ ఉంచారే. పువ్వు పట్టుకునే చెయ్యి కూడా పెట్టారు" అంది.

ఆ వేళ్ల మధ్య సందు పువ్వు కోసమని నాకు అప్పటిదాకా తెలియదురా. అమ్మకు చూడగానే తెలిసింది. రోజూ తాజా పువ్వు దూర్చడానికి వదిలిన చోటు అది. కనీసం 1929 నుంచి ఖాళీగా ఉంది.

సంచిలోంచి చేతిరుమాలు తీసింది. నా గుండె ఆగింది, విగ్రహాన్ని ముట్టుకుంటుందేమోనని. ముట్టుకోలేదు. రెండు చేతుల్లో రుమాలు విప్పి, రాత్రికి కాస్త వాడిన ఆ రేకులను నైవేద్యం చూపించినట్టు విగ్రహానికి చూపించి, మళ్లీ మూట కట్టేసింది. కాపలా ఉన్న పెద్దావిడ దూరం నుంచి అంతా చూస్తూనే ఉంది. దగ్గరికి వచ్చింది. ఏమంటుందోనని నేను సంజాయిషీ వెతుక్కుంటున్నాను. ఆవిడ అమ్మ మోకాళ్ల వైపు చూసి, ఒక మడత కుర్చీ తెచ్చి వేసింది. పాపను అడిగింది, మీ నాయనమ్మ ఏం చేస్తోంది అని. "పువ్వు చూపిస్తోంది, ఆ చెయ్యి పువ్వు కోసమే" అని మా పాప వేళ్లు మడిచి చూపించింది. ఆవిడ కూడా తన వేళ్లు అలాగే మడిచి చూసుకుంది. ఇక్కడ దండం పెట్టేవాళ్లను చూశాను గానీ ఈ చేతి సంగతి ఇవాళే తెలిసిందని చెప్పింది.

వాన తగ్గాక కూడా లేవలేదు మేం. లింకన్ స్మారకం దగ్గర ఉండాల్సిన సమయమంతా అక్కడే గడిచింది.

తిరుగు దారిలో చీకటి పడింది. ఆ విగ్రహాలు వెనక్కి రావాలా వద్దా అని నేనూ మా ఆవిడా వాదించుకున్నాం. ఉత్సవమూర్తి పనే వీధిలోకి రావడం, నడవలేని ముసలివాళ్లకు గడప దగ్గరే కనపడటం. దాన్ని గదిలో పెడితే... కానీ ఆ గదిలో లేకపోతే ఆ పెద్దావిడ ఆ చేతిని చూసేదా అని మా ఆవిడ అంటుంది. నేను ఇప్పటికీ రావాలనే అంటాను. నువ్వేమంటావో రాయి, వివరంగా రాయి. మధ్యలో అమ్మ కొండ మీది భోగ శ్రీనివాసమూర్తి సంగతి ఎత్తింది. ఏకాంత సేవలో పవళించే ఆ వెండి మూర్తిని సమర్పించింది సామవై అనే పల్లవ రాణి కదా, శాసనం గుడి గోడ మీదే ఉంది. "రాణులు చేయించినవి ఎన్ని ఉన్నాయో, మనకు రాజుల పేర్లే చెప్పారు" అంది అమ్మ. ఆ తర్వాత నిద్రపోయిందనుకున్నాను. పోలేదు. సొరంగం దాటాక, "మీ నాన్న పోయి ఇన్నేళ్లయినా నేను కట్టిన పూలు అమ్మవారు వద్దనలేదు" అంది. ఎవరితో అన్నదో తెలియదు. నేను ఏమీ అనలేదు.

అందుకే నీకో పని చెబుతున్నాను. అమ్మ ఆషాఢంలో తిరిగి వస్తుంది. మొదటి శుక్రవారం చెల్లెమ్మ పూలు తీసుకున్నప్పుడు ఒక మూర అమ్మకూ ఇవ్వమను. ఏమీ చెప్పవద్దు, మామూలుగా ఇవ్వమను. తీసుకుని బుట్టలో వేస్తుందో, తలలో పెట్టుకుంటుందో నాకు తెలియదు. ఏది చేసినా సరే, అడగవద్దు. ఇవ్వడం మాత్రం మానవద్దు.

పిల్లలకు కొన్న బొమ్మల గురించి రాయాలి, నీ బదిలీ ఏమైందో అడగాలి. అమ్మ లేచి వచ్చి లైటు ఆర్పమంటోంది, పొద్దున ఆరింటికే నేను ఆఫీసులో ఉండాలి. విగ్రహం ఫొటో తీశాను గానీ పంపించను. అమ్మ వద్దంది, తెర వేయకముందు తీసిన ఫొటో అట.

ఉంటాను,
నీ పక్క బెంచీవాడు