టీవీ స్టేషన్ కాదండీ, రిలే కేంద్రం

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో మన ఊరి 'టీవీ స్టేషన్' చరిత్ర అంటూ అర పేజీ వేశారు. పోనీలే అని నాలుగు రోజులు ఊరుకున్నాను, మనసొప్పలేదు. ఒకప్పుడు ఇక్కడే కార్యక్రమాలు తయారయ్యేవట! రాసిన అబ్బాయి ఆ గేటు దాకా వెళ్లినా తెలిసేది. అక్కడ ఏనాడూ స్టూడియో లేదు, కెమెరా లేదు. ఒక డిష్, ఒక టవర్, 100 వాట్ల ట్రాన్స్‌మిటర్, అంతే. ఉపగ్రహం నుంచి వచ్చినదాన్ని చుట్టూ పదిహేను ఇరవై కిలోమీటర్లు వదలడమే దాని పని.

1984 ప్రాంతంలో దేశమంతా ఇలాంటివి వరసగా పెట్టుకుంటూ పోయారు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లోనే మొదలైనా రిలే ఊళ్లకు మొదట్లో వచ్చింది ఢిల్లీ హిందీయే. తెలుగు వార్తలకు మళ్లీ విజయవాడ రేడియోనే దిక్కు. సూళ్లూరుపేట, గూడూరు వైపు వాళ్లు నయం. మేడ మీద పొడుగు గొట్టం కట్టి, బూస్టర్ పెట్టి మద్రాసు పట్టేవాళ్లు. శుక్రవారం అరవ సినిమా పాటలకు ఇంటి నిండా జనం. పైన ఒకడు యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి "వచ్చింది అబ్బయ్యా, ఇంక కదిలించబాక" అని కేకలు. చరిత్రంటే ఇదండీ. మీ అర పేజీలో దీనికి ఒక్క లైను లేదు. ప్రారంభోత్సవానికి ఎవరెవరు వచ్చారో మాత్రం పేర్లతో సహా ఉంది!

1984 నవంబరు తుపానుకు కరెంటు పోయి ఊరు చీకటైతే బ్యాటరీ రేడియో ముందు కూర్చునే తుపాను ఎక్కడుందో తెలుసుకున్నాం. ఇప్పుడు గట్టిగా గాలేస్తే సెల్ టవర్లే పడుకుంటున్నాయి. ఇక టీవీ రిలే అంటారా, 2022 నాటికి దేశంలో పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ ఆపేశారు. కేబుల్, డిష్ వచ్చాక చూసేవాళ్లు లేరన్నది నిజమే, కాదనను. కానీ ఆ స్థలం సంగతేమిటి? కంప చెట్లు గోడ దాటి రోడ్డు మీదికొచ్చాయి. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడికి పోతే అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టి ఏడాదైంది. అదే ఆ స్థలం మీద ఏ నాయకుడి కన్నో పడితే ఫైలు వారంలో కదిలేది.

సవరణ వేస్తారో లేదో నాకు తెలియదు. వేస్తే మాత్రం 100 వాట్లని వేయండి. మీ వాడు 100 కిలోవాట్లని రాశాడు.

– ఓ పాత శ్రోత, నెల్లూరు జిల్లా